నడి గింజ

కంట్లో పడ్డ చుక్క మొదట చల్లగా తగిలింది, ఆ వెంటనే పచ్చిమిరపకాయ రసంలా మండింది. "గట్టిగ మూస్కోండి అంకుల్, నలపొద్దు" అంటూ నర్సు పిల్ల చెంప మీద కారిన తడిని దూదితో అద్ది పక్క బెంచీకి పోయింది. కిషన్ రావు కళ్లు మూసుకున్నాడు. రెప్పల వెనక ఎరుపు, ఎరుపులో ఏవో నల్లటి నలకలు, అవి ఈదుకుంటూ పక్కకు జరిగిపోతున్నాయి, వాటి వెంట పోతే ఇంకా జరిగిపోతున్నాయి. కంటిపాప పూర్తిగా విచ్చుకునేదాకా ఇలా చుక్కలు వేస్తూనే ఉంటారట, ఆ తర్వాతే డాక్టరు లోపలికి పిలిచేది, గంట పట్టినా పట్టొచ్చట. గంటసేపు కళ్లు మూసుకుని కూచున్న మనిషి ఏం చేస్తాడు, ఉన్నదాన్నీ లేనిదాన్నీ తవ్వుకోవడం తప్ప. చొక్కా జేబులో ఫోను గుండెకానుకుని బరువుగా ఉంది. శ్రీనాథ్‌కు ఫోను చెయ్యాలి. చేసి ఒక్క మాట, అద్దం జోలికి పోకు, జర ఆగు, అంతే, ఇంకేం చెప్పనక్కర్లేదు. చెయ్యి జేబుదాకా పోయి మళ్లీ మోకాలి మీద వాలింది. డాక్టరు చూడనీ. ముందు డాక్టరు చూడనీ, ఆ తర్వాత చేద్దాం.

శ్రీనాథ్ ఈపాటికి లేచే ఉంటాడు. కోచింగు సెంటర్లో పొద్దుటి క్లాసు లేనిరోజు వాడు అశోక్‌నగర్‌లో ఆ మూడంతస్తుల మీది కిరాయి గదిలోంచి బయటికొచ్చి, నీళ్ల డ్రమ్ము మీద గోనెపట్టా పరిచి, దాని మీద గాజుబిళ్ల పెట్టి... వద్దు. ఆ డ్రమ్మును తలచుకోవద్దు. వాణ్ణి మొదటిసారి చూసినరోజు తలచుకుంటే మేలు. చిక్కడపల్లిలోని తన ఫోటో స్టూడియోలో ఆరోజు పాస్‌పోర్టు ఫోటోల కోసం పిల్లలు గుమ్మందాకా బారులు తీరి ఉన్నారు, ఏదో పరీక్షకు దరఖాస్తుల ఆఖరి రోజు. సిద్దిపేట దిక్కు ఊరినుంచి వచ్చిన బక్కపలచటి మనిషి, అప్పటికే పరీక్షల వయసు దాటిపోవడానికి దగ్గర్లో ఉన్నవాడు, స్టూలు మీద కూచుని కెమెరా వంక చూడకుండా గోడ వంక చూస్తున్నాడు. గోడకు కిషన్ రావు తీసిన చందమామ ఫోటో. "ఇటు చూడు తమ్మీ, నౌకరీ ఇచ్చెటోళ్లకు నీ చెవు చూపిస్తవా?" అంటే నవ్వి, "గది మీరే తీసిండ్రా అన్నా? ఏ దుర్బీన్?" అన్నాడు. అక్కడ మొదలు. ఆ ఫోటోతో వాడికి నౌకరీ రాలేదు గానీ కిషన్ రావుకొక మనిషి దొరికాడు. ఇరవై ఏళ్లు చిన్న. నౌకరీ ఆశ వదులుకుని, నౌకరీ ఆశపడే పిల్లలకే సైన్సు చెప్పుకుని బతుకుతున్నవాడు. కొన్న దుర్బీన్ చాలదన్నా, అద్దం మనమే చేసుకుందాం అన్నవాడు.

దూరదర్శినికి అద్దమంటే రెండు గాజుబిళ్లలు, మధ్యన గరుకుపొడి, నీళ్లు. పైబిళ్ల మీద రెండరచేతులూ ఆనించి ముందుకూ వెనక్కూ తోస్తూ డ్రమ్ము చుట్టూ తిరగాలి, అంతే పని. కందులు విసిరినట్టు, కాకపోతే ఇక్కడ విసిరేవాడే తిరుగుతాడు. అలా తిరగ్గా తిరగ్గా పైబిళ్ల తనంతట తనే గుంట పడుతుంది, కిందది ఉబ్బుతుంది. వానాకాలమంతా వాడు తిరిగాడు. రేకుల కింద, జల్లు మీద పడుతుంటే, బనీను మీద. నువ్వొద్దన్నా, చేతి బరువు మారితే గుంట మారుతుంది అని కిషన్ రావును ముట్టుకోనివ్వలేదు. రోజుకింత సన్నటి పొడి, ఇంకా సన్నం, చివరికి ఎర్రపొడితో మెరుగు. గోడ దగ్గర చిన్నదీపం, దానికడ్డంగా గడ్డం గీసుకునే బ్లేడు అంచు, ఆ అంచు మీదుగా అద్దంలోకి చూస్తే ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో నీడలై కనిపిస్తుంది. బాలానగర్‌లో ఎవరినో బతిమాలి వెండిలాంటి పూత పూయించుకొచ్చి, తువ్వాలు విప్పి చూపిస్తూ, "చంటిపిల్ల లెక్క ఉంది కదన్నా" అన్నాడు. పెళ్లీ పిల్లలూ లేని మనిషి. ఆ మాట విని కిషన్ రావు నవ్వాడు. ఇప్పుడు రెప్పల వెనక ఎరుపులో ఆ తువ్వాలు విప్పుకుంటోంది, విప్పుకుంటూనే ఉంది, లోపల ఏమీ లేదు.

"నీళ్లు తాగుతరా?" పక్కనుంచి భార్య దమయంతి. వద్దని తలూపాడు. "ఫోను మోగితె నాకియ్యండ్రి, మీరు తెరవకుండ్రి కండ్లు." సరేనని తలూపాడు. ఎదురు బెంచీ మీద ముసలావిడ ఒకతె, గొంతును బట్టి చూస్తే జనగామ దిక్కు మనిషి, చుక్కలు వేయించుకుని అందరికీ వినబడేట్టు అంటోంది: "నా మొగడు బతికున్నన్నొద్దులు గిట్ల పట్టపగలు కండ్లు మూస్కొని కూసుంటె ఊకుండునా, తన్నుతుండె. గిప్పుడు పైసలిచ్చి మరీ కూసున్న." కొడుకు కాబోలు, "ఊకో సత్తవ్వా, దవాఖాన ఇది" అని కసిరాడు. "ఇగో, కన్నతల్లిని పేరువెట్టి పిలుస్తడు, వీనికేమన్న రోగమొస్తె ఏ డాక్టరు జూడాలె?" బెంచీలన్నీ కళ్లు మూసుకునే నవ్వాయి. దమయంతి కూడా నవ్వింది. ఆమె నవ్వు వినబడింది గానీ నవ్వుతున్న ముఖం గుర్తుచేసుకోబోతే కిషన్ రావుకు నిన్నటి ముఖమే ఎదురొచ్చింది.

దానివైపు పోకూడదని మనసు గింజ వైపు పారిపోయింది. గింజ అన్నది శ్రీనాథ్ పెట్టిన పేరు. ఆండ్రోమెడా గెలాక్సీ నడుమ, కోట్లకు కోట్ల నక్షత్రాలు కుప్పపోసిన చోటు. అశోక్‌నగర్ మిద్దె మీదినుంచి, ఆ వీధిదీపాల మధ్య, ఆ హోర్డింగుల వెలుగులో, రెక్కల్లాంటి అంచులేవీ కనిపించవు, గింజ ఒక్కటే కనిపిస్తుంది, పొగమంచులో దూరాన బండి దీపంలా. ఫోటో తీస్తే తంటా తిరగబడుతుంది. అంచులు రావాలని కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచితే గింజ కాలిపోయి తెల్లటి మరక అయి కూచుంటుంది. గింజ నిలవాలని తక్కువసేపు తెరిస్తే అంచులు పుట్టనే పుట్టవు. రెండు రకాలూ వందలకొద్దీ తీసి కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. కిషన్ రావుకు కొత్తేం కాదు, ఫ్లాషుకు నుదుళ్లు కాలిపోయిన ముఖాలు ముప్పై ఏళ్లుగా ఎన్ని చూశాడు, చమట పట్టిన నుదురు, పౌడరు రాసిన నుదురు, బొట్టు పెట్టిన నుదురు. అన్నీ ఎవరి అవసరానికో, ఎవరి దరఖాస్తు మీదో అంటించడానికి. తనకంటూ ఒక్క ఫోటో. గింజలో గింజ, ఆ కుప్ప నడుమ సూదిమొనంత చుక్క ఉంటుందట, అది కాలిపోకుండా, అలుక్కుపోకుండా. అదొక్కటి తీసి గోడకు పెడితే ఈ బతుక్కి చాలు అనుకున్నాడు. ఆ అద్దం బిగించిన దుర్బీన్‌కు తగిలించింది స్టూడియోలో మూలకు పడేసిన పాత కెమెరా, తెర మీద ముందుగా చూపించే రకం కాదు, వెనకున్న చిన్న గంతలోకి కన్నుపెట్టి చూస్తూ, మర తిప్పుకుంటూ బొమ్మను తేట చేసుకోవాలి. ఎడమకన్ను మూసి, కుడికన్ను ఆనించి. ఎప్పుడూ అంతే. ఎడమకన్ను మూసుకోవడం కిషన్ రావుకు చొక్కా గుండీలు పెట్టుకోవడం లాంటిది, చేస్తున్నట్టు కూడా తెలియదు.

దసరా ముందరేమో, ముందర కాదు తర్వాత, ఒక సాయంత్రం గంతలో గింజ కనిపించలేదు. చుట్టూ చిన్నచిన్న చుక్కలున్నాయి, గింజ ఉండాల్సిన చోట బూడిదరంగు మసక. తుడిచాడు. కళ్లద్దాల గుడ్డతో, దూదితో, ఊదుడు బుడ్డితో. మరునాడూ మసకే, వారం తర్వాత మసక కాస్త పెద్దదైంది. తారలకు నాలుగు దిక్కులా పొడుచుకొచ్చే గీతలు తిన్నగా ఉండాల్సినవి నడుమకు వచ్చేసరికి వంగిపోతున్నాయి, నీళ్లలో పెట్టిన పుల్లలా. తీసిన ఫోటోలూ అలికినట్టే వచ్చాయి. గంతలో లోపమైతే ఫోటోలో ఎందుకుంటుంది, ఫోటోలోనూ ఉందంటే అద్దంలోనే ఉంది. ఆ లెక్కకు తిరుగు లేదనిపించింది. తేట చేస్తున్నది ఆ కన్నే కదా అని, ఆ కన్నుతో తిప్పిన ఫోటో అలుక్కుపోక ఏమవుతుందని, తట్టలేదు. శ్రీనాథ్ గంతలో చూసి, "మంచిగనే ఉందన్నా, గింజ మెరుస్తుంది" అన్నాడు. వాడే తిప్పి తీసిన ఒక ఫోటో సూదిమొనలా వచ్చింది కూడా. ఆరోజు గాలి నిలిచిందిలే అని కొట్టిపారేశాడు కిషన్ రావు. కొట్టిపారేసిన ఆ నోరు ఇప్పుడు చేదుగా ఉంది, చుక్కల మందు గొంతులోకి దిగినందుకో మరి దేనికో.

"ఇంకోసారి అంకుల్." రెప్ప లాగి మళ్లీ చుక్క. ఒక్క క్షణం తెరిచిన కంట్లోకి గది మొత్తం తెల్లగా విరుచుకుపడింది, ట్యూబులైటుకు అంచుల్లేవు, నర్సు పిల్ల ముఖం కాలిపోయింది, ఎక్కువసేపు తెరిచిన కెమెరా ఇదే చూస్తుంది కాబోలు. మూసుకున్నాడు. మూసుకోగానే శ్రీనాథ్ గొంతు, మొన్నటిది, స్టూడియో షట్టరు సగం దించి ఉండగా.

"ఏందన్నా గట్లంటవ్? రుద్దింది నేను, నాకెరుక లేదా?"

"నువ్వు రుద్దినవ్ గనకే నీకు కనవడదు. ఎవని పిల్ల వానికి ముద్దే. నడిమిట్ల ఏదో చేసినవ్ నువ్వు. చెయ్యి బరువైందో, తొందరపడ్డవో."

"బ్లేడు పెట్టి చూసినం కద ఇద్దరం."

"నువ్వు చూసినవ్, నాకు చెప్పినవ్. అప్పుడు నమ్మిన."

అప్పుడు నమ్మిన. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మిగతావన్నీ పనిమాటలు, పనిలో పడిపోయే మాటలు, ఆ ఒక్కటీ పోదు. ఐదారు పరీక్షలు తప్పినవాడికి, తప్పిన ప్రతిసారీ లోపం తనలోనే ఉందని నేర్చుకున్నవాడికి, నీ చేతిలో లోపముందని చెబితే ఎంతసేపు వాదిస్తాడు. వాదించలేదు. షట్టరు కింద వంగి బయటికి పోతూ, "సరే అన్నా. రేపు పూత తీస్త. ఎల్లుండి మళ్ల పొడి మీదికెక్కిస్త. ఏముందో చూస్త" అన్నాడు. పూత పోతే పోయింది, మళ్లీ పూయించొచ్చు. గరుకుపొడి తగిలిందంటే మాత్రం వానాకాలమంతా తిరిగి తెచ్చిన మెరుగు చిటికెలో పోతుంది, ఆ గుంట ఇక ఆ గుంట కాదు. ఆ ఎల్లుండి ఇవాళే.

నిన్న పొద్దున. ఇక పారిపోవడానికి చోటు లేక మనసు అక్కడికే వచ్చి నిలబడింది. నిన్న పొద్దున వంటగదిలో పోపు చిట్లి ఎడమకంటి రెప్ప మీద పడింది. చురుక్కుమంటే అరచేత్తో ఆ కన్ను మూసి, "ఏం వేసినవే" అంటూ కుడికంటితో దమయంతిని చూశాడు. దమయంతి లేదు. జుట్టు ఉంది, చెవి కమ్మలున్నాయి, మెడ ఉంది, పసుపు మరకల కొంగు ఉంది. వాటన్నిటి నడుమ ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మసక. ఆ మసకలోంచి గొంతు వస్తోంది, "కాలిందా, ఏదీ చూడనీయండ్రి" అని. చెయ్యి తీశాడు, ముఖం వచ్చింది. పెట్టాడు, పోయింది. తీశాడు, పెట్టాడు, తీశాడు, దమయంతి భయపడి గరిటె కింద పడేసింది. అప్పటికప్పుడే తెలిసిపోయింది. తెలియకపోవడానికేముంది. గోడ మీది క్యాలెండరుకు నడుమ లేదు. కిటికీ ఊచలు నీళ్లలో పుల్లల్లా వంగాయి. అద్దం ఎక్కడిది, ఆ వంటగదిలో శ్రీనాథ్ అద్దం ఎక్కడిది.

మరి అప్పుడే ఎందుకు ఫోను చెయ్యలేదు. మంచి ప్రశ్నే. దమయంతి దవాఖానకు ఫోను చేసింది, కూతురికి చేసింది, బర్కత్‌పురలో ఉన్న తమ్ముడికి చేసింది. ఫోను ఆ చేతా ఈ చేతా తిరిగి తన ఒళ్లోకే వచ్చింది. తను ఒక్కడే ఎవరికీ చెయ్యలేదు. ఎందుకంటే, ఎందుకంటే ఇంకా తేలలేదు కదా. పోపు వేడికి అలా అయిందేమో, నిద్ర చాలకేమో, శుక్లమేమో, శుక్లమైతే కోయించుకుంటే పోతుంది. కంట్లోనూ కొంచెం ఉండి, అద్దంలోనూ ఉండొచ్చు కదా. ఉండకూడదా? రాత్రి మంచం మీద పడుకుని, దేవుణ్ణి పెద్దగా పిలవని మనిషి, పిలిచాడు. పిలిచి ఏమడిగాడు? అద్దంలో లోపం ఉండనీ అని అడిగాడు. శ్రీనాథ్ చెయ్యి జారి ఉండనీ, వాడు తొందరపడి ఉండనీ, వాడి అద్దం పాడైనదే అయి ఉండనీ, నా కన్ను నాకు ఉండనీ. అడిగింది అదీ. ఇప్పుడు ఫోను చేసి ఆగు అంటే ఆ మొక్కును తన చేత్తో తనే తీసేసినట్టు. నా కన్ను పోయిందని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు. వాడు రుద్దడం మొదలుపెట్టకముందే చెప్పాలి, డాక్టరు చూశాకే చెప్పాలి, ఈ రెండింటి నడుమ ఈ గంట కుదరకుండా పోతోంది, జేబులో ఫోను వేడెక్కుతోంది, అది ఒంటి వేడే. బయట ఎక్కడో మైకు, తెలంగాణ వచ్చినట్టేనని, బిల్లు కదిలిందని, నౌకరీలే నౌకరీలని. స్టూడియోకు మళ్లీ బారులు తీరుతారు పిల్లలు. వాళ్ల ముఖాలు ఏ కన్నుతో తియ్యాలి.

"కిషన్ రావు గారు ఎవరండీ?"

దమయంతి చెయ్యి పట్టుకుని లేపింది. లోపల చీకటిగది, గడ్డం ఆనించే చల్లటి పీట, ఆకుపచ్చ గీత ఒకటి, దాని నడుమ లేదు. డాక్టరు చిన్నవాడు, మాట మెత్తన. తెరమీద ఏదో పొరలు పొరలుగా చూపిస్తూ చెప్పాడు. ఇదిగోండి, ఇది మీ కుడికంటి వెనక పొర, దీన్ని చేను అనుకోండి, కింద నీళ్లు ఊరి పైపొర ఉబ్బింది, నెత్తురు చేరింది, అది ఎండి మచ్చ కట్టింది. ఎన్నాళ్లుగా ఉంది? దసరా నుంచా? అయ్యో, అప్పుడే ఎందుకు రాలేదు సార్? రెండో కన్ను బాగుంది కదా, తెలిసి ఉండదులెండి, చాలామందికి తెలియదు. అప్పుడైతే ఇంజెక్షన్లతో చాలావరకు నిలబెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ నడుమ చూపు తిరిగి రాదు. పక్కచూపు ఉంటుంది. ఎడమకంటి పొర మీద కూడా చిన్నచిన్న చుక్కలు మొదలవుతున్నాయి, దాన్ని కాపాడుకుందాం. దమయంతి ఏదో అడుగుతోంది, డాక్టరు ఏదో చెబుతున్నాడు. కిషన్ రావు విన్నది ఒక్కటే, అద్దం మంచిది. కన్ను పోయిందన్న మాటకన్నా ముందు లోపల అదే పలికింది. సంతోషంగా కాదు, దెబ్బ తగిలినచోటే మళ్లీ తగిలినట్టు.

బయటికి వచ్చారు. నారాయణగూడ చౌరస్తా మధ్యాహ్నపుటెండ ఒక్కసారిగా తెరిచిన కళ్లలోకి దూకింది. బస్సులకు అంచుల్లేవు, మనుషులకు ముఖాల్లేవు, అంతా తెల్లటి మంట. మందుల షాపు గోడ నీడలోకి జరిగి ఫోను తీశాడు. అంకెలు కనిపించలేదు. "శ్రీనాథ్‌కు కలుపు" అన్నాడు. "ఇప్పుడా? ఇంటికి పోయినంక చెయ్యొచ్చు" అంది దమయంతి. "ఇప్పుడే." ఆ గొంతు విని ఆమె కలిపి, చెవి దగ్గర పెట్టింది.

"చెప్పన్నా." మాట వెనకనుంచి చప్పుడు. గరగరమని, ఆగి, మళ్లీ గరగరమని. ఫోను పక్కన పెట్టి మాట్లాడుతున్నట్టున్నాడు, అడుగులు కూడా వినబడుతున్నాయి, గుండ్రంగా.

"ఏం చేస్తున్నవ్ శ్రీనాథ్?"

"ఇంకేం చేస్త, రుద్దుతున్న. నువ్వన్నదే నిజమన్నా." గొంతులో కోపం లేదు, అలిసిపోయి ఉంది, కాస్త ఉత్సాహంగా కూడా ఉంది. "పూత తీసి బ్లేడు పెట్టి చూసిన. ముందుగాల ఏం కనవడలే. మస్తుసేపు చూసిన, అప్పుడు కనవడ్డది, నడిమిట్ల నీడ. సన్నగ. నా చేతుల మీద నాకు జర గర్వముండె, అందుకే అప్పుడు కనవడలేదేమో. నువ్వు చెప్పకపోతె జిందగీ అంత గట్లనే ఉంటుండె."

"ఆపు."

"ఏమాపాలె అన్నా, మెరుపంత పోయింది, పాల తీరుగయింది అద్దం. ఏం పరేషాన్ గాకు, మళ్ల మొదటికెల్లి చేస్త. వచ్చే వానల దాక..."

"అద్దంల ఏం లేకుండె శ్రీనాథ్. మచ్చ నా కంట్ల ఉంది. దవాఖానల ఉన్న. డాక్టరు చూసిండు."

గరగర ఆగిపోయింది. చౌరస్తాలో ఏదో బస్సు హారను కొడుతూనే ఉంది. దమయంతి తన ముఖంలోకి చూస్తోందని తెలుస్తోంది.

"ఏ కన్ను?" అన్నాడు శ్రీనాథ్.

"కుడిది. నడుమ పోయింది. ఇగ రాదంటున్నడు."

"అయ్యో అన్నా." "వదినె ఉందా పక్కన?"

"ఉంది."

"మంచిగయింది, ఒక్కనివి లేవు." ఆ తర్వాత, మెల్లగా, పిల్లలకు పాఠం చెబుతూ మధ్యలో తనకే ఏదో తట్టి ఆగిన మనిషిలా అడిగాడు. "నీకెప్పుడు ఎరుకయింది?"

ఇప్పుడే అనొచ్చు. డాక్టరు చెబితేనే తెలిసింది అనొచ్చు, ఆ మాట నాలుక చివరే ఉంది, వాడు నమ్ముతాడు, వాడు ఏది చెప్పినా నమ్ముతాడు. దమయంతి ఫోను పట్టుకున్న చెయ్యి చెవికి వెచ్చగా తగులుతోంది.

"నిన్న పొద్దుగాల" అన్నాడు కిషన్ రావు.

అవతల నీళ్లు ఎక్కడో డ్రమ్ములోకి చుక్కచుక్కగా పడుతున్నాయి.

"నేను ఇయ్యాల షురూ జేసిన అన్నా" అన్నాడు శ్రీనాథ్.